ఆక్సిజన్ 95 ఉండాలన్న లెక్క అందరికీ కుదరదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆరోగ్యం పేజీలో చలికాలం జాగ్రత్తలంటూ పెట్టె కట్టి వేసిన మాటల్లో ఒకటి చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. వేలికి పెట్టే క్లిప్పులో ఆక్సిజన్ 95 శాతం కంటే తగ్గితే ఇంట్లో ఉన్న మిషన్‌లో ఆక్సిజన్ పెంచుకుంటూ పోవాలని, 98 వచ్చేదాకా చూడాలని అందులో ఉంది. ఊపిరితిత్తులు బాగున్న మనిషికి 94 పైన ఉండాలనడం సబబే. కానీ ఏళ్ల తరబడి దమ్ముతో, అంటే గాలిగొట్టాలు సన్నబడిపోయి డాక్టర్లు సీవోపీడీ అని చీటీలో రాసే జబ్బుతో ఉన్నవాళ్లలో కొందరికి ఆ సలహా ప్రాణం మీదికి తెస్తుంది. మీ పత్రిక మా ఊళ్లో హోటల్ బల్లల మీద కూడా ఉంటుంది. అందులో వచ్చిన అంకెను జనం డాక్టరు చీటీలా పట్టుకుంటారు.

నేను స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, ఎక్కువ కాలం మెడికల్ వార్డులో, మధ్యలో లేబర్ రూములో చేశాను. డాక్టరును కాను కాబట్టి మందుల జోలికి పోను. ఆక్సిజన్ నాబ్ పక్కన మాత్రం చాలా డ్యూటీలు నిలబడ్డాను. దాని గురించి చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

ఆక్సిజన్ పెట్టిన మంచం దగ్గర గోడకు ఒక ఫ్లో మీటరు, దాని కింద నీళ్ల సీసా ఉంటాయి. మీటరు గొట్టంలో చిన్న గుండు ఏ అంకె దగ్గర నిలబడితే నిమిషానికి అన్ని లీటర్లు పోతున్నట్టు. పేషెంటు తరఫువాళ్లు ఆ గుండు వైపు చూడరు. సీసాలో బుడగలు చూస్తారు. "బుడగలు సరిగ్గ వస్తలేవు సిస్టరమ్మా, జర పెంచండ్రి" అంటారు. వద్దని చెప్పి, రెండు లీటర్ల దగ్గర ఆపి అటు తిరిగామో లేదో, ఇంట్లోవాళ్లలో ఎవరో ఒకరు వచ్చి ఆరుకో ఎనిమిదికో తిప్పేస్తారు. పాపం, ప్రేమతోనే. నైట్ డ్యూటీలో లైట్లు తీసేసిన వార్డులో నడుస్తుంటే ఏ మంచం దగ్గర నాబ్ తిప్పారో సీసా చప్పుడును బట్టే తెలిసిపోయేది.

ఒక అవ్వ సంగతి చెబుతాను. సాగర్ ఎడమ కాలువ కింద ఊరు ఆమెది. డెబ్బై దాటిన మనిషి. బీడీ, చుట్ట ఎన్నడూ ముట్టలేదు. కానీ పెళ్లయి వచ్చినప్పటి నుంచి గ్యాసు వచ్చేదాకా పత్తి కట్టె, పిడకల పొయ్యి ముందే బతుకంతా గడిచింది. మన దగ్గర ఆడవాళ్ల దమ్ముకు పొగాకు కంటే ఆ పొగే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. వచ్చినప్పుడు క్లిప్పులో 82 ఉంది. డాక్టరు గారు రెండు లీటర్లు పెట్టమన్నారు, 90కి వచ్చింది, ఆయాసం కాస్త తగ్గింది. రెండో రాత్రి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు వచ్చాడు. 90 చూసి టెన్షన్ పడ్డాడు. తెల్లారి నేను డ్యూటీకి వచ్చేసరికి క్లిప్పులో 99 ఉంది. "చూడండి మేడం, 99" అన్నాడు సంతోషంగా. కోడలు కూడా, "రాత్రంత కూసునే ఉన్నది, ఇప్పుడే మంచిగ పండుకున్నది, లేపకండ్రి" అంది.

చెయ్యి పట్టుకుని చూస్తే వెచ్చగా, చెమటగా ఉంది. మణికట్టు దగ్గర నాడి వేలిని ఎత్తి కొడుతోంది. దమ్ముతో రెండు రోజులు తిండి లేని ముసలామె చెయ్యి చలికాలం పొద్దున అలా ఉండకూడదు. లేపాను. "అవ్వా, చేతులు ముందుకు చాపు" అంటే చాపింది కానీ, మణికట్ల దగ్గర చేతులు పట్టు తప్పి కిందికి, పైకి ఆడుతున్నాయి. తల పగులుతోందని ముద్దముద్దగా చెప్పి, మాట మధ్యలోనే మళ్లీ జోగింది. డాక్టరు గారు వచ్చి మణికట్టు ధమని నుంచి రక్తం తీశారు. ఆ పరీక్ష చేసే మిషన్ మా దగ్గర అప్పుడు పనిచేయడం లేదు. సిరంజిని ఐసులో పెట్టి బయట ల్యాబుకు పరుగెత్తించాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ (బీపీలాగే పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు) 35 నుంచి 45 మధ్య ఉండాలి. ఆమెకు 80 దాటింది. ఆక్సిజన్ తగ్గించి, ఊపిరికి తోడుగా గాలిని ఒత్తిడితో లోపలికి పంపే బైపాప్ మాస్కు బిగించి కూర్చున్నాం. సాయంత్రానికి తెలివిలోకి వచ్చి ఛాయ్ అడిగింది. ఆమె అదృష్టం బాగుంది.

99 ఉన్న మనిషి ఎందుకు మగతలోకి జారింది? సమాధానం రక్తనాళాల్లో ఉంది. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కలిసి ఊరికే ప్రయాణించే వాయువులు కావు. ఏ నాళం ఎంత తెరుచుకోవాలో, ఎంత బిగుసుకోవాలో అవే నిర్ణయిస్తాయి. చిత్రమేమిటంటే ఒకే వాయువు ఒంట్లో ఒక రకంగా, ఊపిరితిత్తుల్లో అందుకు పూర్తిగా ఎదురుగా పనిచేస్తుంది.

కాలు కండరంలోనో గుండె కండరంలోనో ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగిందంటే అక్కడ పని ఎక్కువైనట్టు. వెంటనే అక్కడి సన్న ధమనులు వెడల్పవుతాయి, రక్తం పారడానికి ఉండే అడ్డు, అంటే నిరోధం తగ్గుతుంది, రక్తం ఎక్కువ పారుతుంది. ఊపిరితిత్తుల్లో మాత్రం ఆక్సిజన్ తగ్గిన చోట నాళాలు బిగుసుకుంటాయి. 1946లో స్వీడన్‌లో ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే ఇద్దరు పిల్లులకు ఆక్సిజన్ తక్కువున్న గాలి పెట్టి, ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి పెరగడం చూపించారు. తెడ్డు తిరగేసి పట్టినట్టు కనిపించే ఈ పనిలో చాలా తెలివి ఉంది.

కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లకు ఇది చెప్పడం తేలిక. నీళ్లు తక్కువున్న ఏడు కాలువ తూములు చూసే లస్కరు ఏం చేస్తాడు? నాటు పడని మడికి తూము మూసి, నాటు పడ్డ మడికి నీళ్లు మళ్లిస్తాడు. ఊపిరితిత్తి అదే చేస్తుంది. తెమడ అడ్డుపడో, గాలిగొట్టం ముడుచుకునో ఒక భాగానికి గాలి సరిగా అందకపోతే, అక్కడికి వెళ్లే రక్తనాళాన్ని బిగించి, గాలి బాగా ఆడే భాగానికి రక్తాన్ని పంపిస్తుంది. దమ్ము పేషెంటు ఏళ్ల తరబడి ఈ సర్దుబాటు మీదే బతుకుతాడు. మనం ఎనిమిది లీటర్లు తిప్పితే ఏమవుతుంది? గాలి ఆడని మూలల్లోకి కూడా ఆక్సిజన్ చేరుతుంది. అక్కడి నాళాలు అంతా బాగుందనుకుని సడలిపోతాయి. మూసిన తూములన్నీ ఒకేసారి ఎత్తినట్టు రక్తం అటు మళ్లుతుంది. ఆ మూలల్లో ఆక్సిజన్ అయితే దొరుకుతుంది కానీ, గాలి లోపలికీ బయటికీ ఆడడం లేదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు. రక్తం దాన్ని మోసుకునే గుండెకు తిరిగి వస్తుంది. పైగా హిమోగ్లోబిన్ నిండా ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. అలా వదిలింది రక్తంలో ఇంకాస్త కలుస్తుంది. మా రోజుల్లో నర్సింగ్ స్కూల్లో, ఆక్సిజన్ ఎక్కువైతే ఊపిరి తీసుకోవాలన్న తపనే పోతుందని ఒక్క కారణమే చెప్పేవారు. అది కొంతవరకు నిజమే కానీ, అసలు దెబ్బ ఎక్కువగా ఈ నాళాల సర్దుబాటు చెడడంతోనే పడుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. పాత పాఠం ఇంకా చాలామంది నోట వినిపిస్తుంది. దాంతో ఒక నష్టముంది. పేషెంటు ఊపిరి చకచకా తీస్తున్నాడు కదా, ఇంకేం భయం లేదని జూనియర్లు ధీమాగా ఉండిపోతారు.

ఇక పెరిగిన కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో ఏం చేస్తుంది? చేతుల్లో, చర్మంలో నాళాలను వెడల్పు చేస్తుంది. అవ్వ చెయ్యి వెచ్చగా ఉన్నదీ, నాడి ఎగిరి కొట్టిందీ అందుకే. మెదడు నాళాలైతే ఈ వాయువు మాట అందరికంటే ఎక్కువ వింటాయి. అది 40 నుంచి 80కి పోతే మెదడుకు వెళ్లే రక్తం దాదాపు రెట్టింపవుతుంది. పుర్రె సాగేది కాదు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి తలనొప్పి వస్తుంది. ఆ పైన వాయువే మత్తుమందులా పనిచేసి మగత తెస్తుంది. దమ్ము ఉన్నవాళ్లు పొద్దున లేవగానే తల బరువుగా ఉందంటే గ్యాస్ట్రిక్ అని మాత్ర వేసి ఊరుకోకండి. నిద్రలో ఊపిరి మందగించి ఈ వాయువు పేరుకుంటోందేమో డాక్టరుకు చెప్పి చూపించుకోవాలి.

దీనికి మందు ఆక్సిజన్ మానేయడం అని ఎవరైనా అనుకుంటే అది ఇంకా పెద్ద ప్రమాదం. ఆక్సిజన్ తక్కువుంటే ఊపిరితిత్తుల నాళాలు అన్నిచోట్లా ఒకేసారి బిగుసుకుంటాయి. రక్తనాళం వ్యాసార్థం పది శాతం తగ్గితే నిరోధం సుమారు సగం మేర పెరుగుతుంది. సగానికి తగ్గితే 16 రెట్లవుతుంది. నిమిషానికి ఐదు లీటర్ల దాకా రక్తాన్ని ఆ బిగుసుకున్న నాళాల్లోకి తొయ్యాల్సింది గుండె కుడి భాగం. ఎడమ భాగంతో పోలిస్తే దాని గోడ చాలా పలచన. మామూలుగా ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి సుమారు 15 మిల్లీమీటర్లే ఉంటుంది. ఆ తక్కువ ఒత్తిడికి తగ్గట్టే కుడి భాగం పుట్టుక. ఏళ్ల తరబడి ఎదురుదెబ్బ తగిలితే అది సాగి అలిసిపోతుంది, రక్తం వెనక్కి తన్ని కాళ్లకు నీరు దిగుతుంది. మా వార్డుకు ఇలాంటివాళ్లు కిడ్నీలు పోయాయనుకుని ఏడుస్తూ వచ్చేవారు. ఉప్పు మానేసి, నాటు మందు తాగి, నెల పోయాక వచ్చేవారు. కాళ్లు నొక్కితే వేలు దిగబడేది, మెడ నరాలు ఉబ్బి కనిపించేవి, పెదాలు నీలంగా ఉండేవి. వాళ్లకు కావాల్సింది సన్నగా, ఎక్కువ గంటలు ఆక్సిజన్. ఎప్పుడూ ఆక్సిజన్ బాగా తక్కువుండేవాళ్లు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటే ఎక్కువ కాలం బతుకుతారని 1981లో బ్రిటన్ డాక్టర్లు ప్రచురించిన పరిశీలనలో తేలింది. ఆయాసం వచ్చినప్పుడు అరగంట ఐదు లీటర్లు పెట్టుకుని, తగ్గగానే కరెంటు బిల్లుకు భయపడి తీసేసే మన పద్ధతి వల్ల ఆ లాభం రాదు.

అందుకే ఇలాంటివాళ్లకు లెక్క వేరే ఉంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదమున్న సీవోపీడీ పేషెంట్లకు 88 నుంచి 92 మధ్య ఉంచమని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఇది గాలిలోంచి పుట్టిన అంకె కాదు. 2010లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సు సిబ్బంది దమ్ము పేషెంట్లను రెండు రకాలుగా చూసుకున్నారు. కొందరికి అప్పటి అలవాటు ప్రకారం ఎక్కువ ఆక్సిజన్ పెట్టారు, కొందరికి 88–92 దాటకుండా కొలిచి పెట్టారు. ఎక్కువ పెట్టినవాళ్లలో 9 శాతం చనిపోతే, కొలిచి పెట్టినవాళ్లలో 4 శాతం చనిపోయారు. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. ఉన్న నాబ్ తక్కువ తిప్పారు, అంతే.

గుండెపోటులోనూ ఇంతే. ఒకప్పుడు ఛాతీ పట్టుకుని వచ్చిన ప్రతి మనిషికీ ముందు మాస్కు పెట్టేవాళ్లం. ఆక్సిజన్ అవసరానికి మించితే గుండె ధమనులు సన్నబడతాయి. 2017లో స్వీడన్‌లో 6,000 మందికి పైగా పేషెంట్ల మీద చూస్తే, 90, ఆ పైన ఉన్నవాళ్లకు ఆక్సిజన్ పెట్టినా ఏడాదిలో చావుల్లో తేడా కనబడలేదు. ఇప్పటికీ మాస్కు పెట్టకపోతే బంధువులు గొడవకు వస్తారు. అది వేరే ఉత్తరానికి సరిపడా విషయం.

క్లిప్పు సంగతికి వస్తాను. కొవిడ్ రెండో వేవ్ తర్వాత బీపీ మిషన్ లేని ఇంట్లో కూడా ఆ క్లిప్పు ఉంది. మంచిదే. కానీ అది హిమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్ పట్టుకుందో మాత్రమే చెబుతుంది, కార్బన్ డయాక్సైడ్ గురించి దానికి ఏమీ తెలియదు. పేషెంటు 99తో మగతలోకి జారుతుంటే అది పచ్చ లైటే చూపిస్తుంది. చేతులు చల్లబడినా, గోరుకు రంగు ఉన్నా దాని అంకె తప్పుతుంది కూడా.

అటు పక్క ఇంకో తప్పు జరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గినా ముప్పే. పరీక్షల ముందు హాస్టల్ పిల్లలను ఆటోలో తెస్తారు. గబగబా ఊపిరి తీస్తూ, వేళ్లు కొంకర్లు పోయి, నోటి చుట్టూ తిమ్మిర్లతో ఉంటారు. క్లిప్పులో 100 ఉంటుంది. ఊపిరి ఎక్కువ తీసి వాయువును ఊదేసుకోవడంతో మెదడు నాళాలు బిగుసుకుంటాయి, కళ్లు తిరుగుతాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని వచ్చిన పిల్లలూ ఉన్నారు. డాక్టరు చూసి వేరే జబ్బు లేదన్నాక, పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడిస్తే చాలామందికి తగ్గిపోతుంది. వీళ్ల సంగతి తేలిక. 65వ నంబరు హైవే మీద తలకు దెబ్బ తగిలి వచ్చినవాళ్ల సంగతి అలా కాదు. ఊపిరి అందించడానికి చేత్తో నొక్కే అంబు బ్యాగు పట్టుకున్న మనిషి కంగారులో నిమిషానికి ముప్పై సార్లు నొక్కేస్తాడు. ఐదారు సెకన్లకు ఒకసారి నొక్కితే పెద్దవాళ్లకు చాలు. కార్బన్ డయాక్సైడ్ 40 నుంచి 20కి పడితే మెదడుకు వెళ్లే రక్తం దాదాపు సగమవుతుంది. దెబ్బ తిన్న మెదడుకు అది ఏపాటి సాయం? పక్కన నిలబడి లెక్కపెడుతూ "ఇప్పుడు, ఇప్పుడు" అని చెప్పడం నాకు డ్యూటీలో అలవాటైపోయింది. కొత్త పిల్లలు చిరాకు పడేవారు, పడితే పడనీ అనుకునేదాన్ని.

పుట్టిన బిడ్డల గురించి ఒక్క ముక్క. బిడ్డ కడుపులో ఉన్నంతసేపూ ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకునే ఉంటాయి. బయటికొచ్చి ఏడ్చి, గాలి లోపలికి పోయాకే తెరుచుకుంటాయి. మంచి బిడ్డకైనా మొదటి నిమిషంలో ఆక్సిజన్ 60, 65 మధ్యే ఉంటుంది, 85 దాటడానికి పది నిమిషాల దాకా పట్టొచ్చు. అమ్మమ్మలు తలుపు సందులోంచి క్లిప్పు అంకె చూసి ఆగమాగం కావద్దు.

మీకు నా మనవి. ముందు ఆ పెట్టెను సవరించి మళ్లీ వేయండి, లోపలి పేజీలో మూలన కాకుండా మొదట వేసిన చోటే వేయండి. ఆస్పత్రుల నుంచి దమ్ము పేషెంట్లను ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి చీటీ మీద 'మీ ఆక్సిజన్ ఇంత నుంచి ఇంత మధ్య ఉండాలి, ఇన్ని లీటర్లు దాటొద్దు' అని తెలుగులో రాయించే సంగతి జిల్లా విలేకరులు అధికారులను అడగాలి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక రబ్బరు స్టాంపు చాలు. రక్తంలో వాయువులు చూసే మిషన్ ఏరియా హాస్పిటళ్లలో రాత్రిపూట కూడా పనిచేస్తోందా, పరీక్షకు అందులో వేసే కార్ట్రిడ్జీలు ఉన్నాయా అన్నది కూడా అడగండి. మిషన్ ఉండి కార్ట్రిడ్జి లేక మూలకు పడితే, ఉన్నట్టు రికార్డుల్లో కనిపిస్తుంది, సిరంజి మాత్రం ఐసులో బయటికే పోతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊక దుమ్ములో పనిచేసి ఆయాసం తెచ్చుకున్నవాళ్లు, పొయ్యి పొగ మింగిన ఆడవాళ్లు హైదరాబాద్ పోయేదాకా రక్తంలో పేరుకునే కార్బన్ డయాక్సైడ్ ఆగదు.

సవరణలో వేయడానికి నాకు తోచిన మాటలు ఇవి, డాక్టరు గారికి చూపించి వేసుకోండి: "చాలాకాలంగా దమ్ము (సీవోపీడీ) ఉన్నవారికి ఆక్సిజన్ ఎంత ఉండాలో డాక్టరు చెప్పిన అంకెనే పాటించండి, చాలామందికి అది 88–92. మీకై మీరు నాబ్ పెంచొద్దు, ఉన్నట్టుండి తీసేయనూ వద్దు. అంకె బాగున్నా పేషెంటు మగతగా ఉంటే, తలనొప్పి అంటే, చేతులు వెచ్చబడి వణికితే నిద్రపోనివ్వకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి."

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)